కాళ్ళ క్రింది ఏరు
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇప్పుడే పంచాంగ శ్రవణం ముగిసినది. ఈ ఏట వాన ఎన్ని కుంచాలో, అందులో సముద్రం మీద ఎన్ని భాగాలో, కొండల మీద ఎన్నో, భూమి మీద ఎన్నో సిద్ధాంతిగారు చదివి వినిపించినారు. చిన్ననాటి నుంచి వింటున్న మాటలే అయినా ప్రతి ఉగాదికీ మాకొక సందేహం మిగిలిపోతూ వచ్చినది. భూమి మీద పడిన భాగంలో భూమి లోపలికి పోయినది ఎంత? అది అక్కడ ఏ రీతిగా ఉన్నది? అది ఎవరిది? ఈ సంగతిని గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు కార్యవర్గంవారు మాకు అవకాశం ఇచ్చినారు. మేము ఇంజనీర్లము కాము, భూగర్భశాస్త్రం చదువుకొన్నవాళ్ళమూ కాము. మీంజూరుకూ సముద్రానికీ నడుమ ఒక పల్లెలో పుట్టి, తియ్యని బావినీటితో పెరిగి, ఆ బావి ఉప్పన కావడం కండ్లారా చూచినవాళ్ళము. ఆ మాత్రపు అర్హతతోనే ఈ వేదిక ఎక్కినాము.

పొన్నేరి, గుమ్మిడిపూండి ప్రాంతాలలో మనవాళ్ళు ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకొంటూ ఎన్ని తరాలుగా ఉన్నారో లెక్క తెలిసినవారు లేరు. ఈ సభలో కూర్చున్నవారిలో చాలామందికి అక్కడ ఇప్పటికీ ఎకరమో రెండెకరాలో భూమి ఉన్నది. కాపురం చెన్నపట్నంలో, పట్టా పల్లెలో. కనుక మా మాటలు పరాయి ఊరి కథ కావు.

ముందుగా ఆ నేల ఎట్టిదో చెప్పుకొందాము. చెన్నపట్నానికి ఉత్తరాన రెండు ఏర్లు ఉన్నవి. ఒకటి అరణియారు, మన పెద్దలు అరుణానది అనేవారు. చిత్తూరు కొండల దిక్కున పుట్టి, పిచ్చాటూరు మీదుగా వచ్చి, పులికాటు సరస్సు చేరుతుంది. రెండవది కొసస్తలైయారు. మన నగరి దిక్కునుంచి వచ్చే ఏరు దీనిలో పూండికి ఎగువన కలుస్తుంది. చివరకు ఇది ఎన్నూరు దగ్గర సముద్రంలో పడుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఈ రెండింటిలోనూ ఇసుకే తప్ప నీరు కనబడదు. చూచినవారు 'ఇవేమి ఏర్లు' అని నవ్వుతారు. కాని అసలు ఏరు ఇసుక క్రింద ఉన్నది. ఒకానొక కాలంలో పాలారు నది ఇప్పటివలె నగరానికి దక్షిణాన కాక, ఉత్తరాన ఈ కొసస్తలైయారు లోయవెంట పారి సముద్రంలో కలిసేదని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అంత పెద్ద నది వేల సంవత్సరాలు మోసుకొని వచ్చి పోసిన ఇసుక, గులకరాయి, ఒండ్రు మన కాళ్ళ క్రింద పదుల మీటర్ల లోతున పరచుకొని ఉన్నవి.

ఏరు తాను తెచ్చినదంతా ఒక తీరుగా పోయదు. వరద వడిగా ఉన్నప్పుడు గులకరాళ్ళనూ ముతక ఇసుకనూ దింపుతుంది. వడి తగ్గినచోట సన్న ఇసుక, నిలిచినచోట బంకమట్టి. పైగా ఏరు ఒక దారిని ఉండదు. ఒక పాయ పూడుకుపోతే పక్కన మరొక పాయ తీస్తుంది. కావున ఈ నేల లోపల దోసెల దొంతరవలె సమంగా పొరలు ఉంటాయనుకొంటే పొరపాటు. ఆడపిల్ల జడలోని పాయలవలె ఇసుక పాయలూ మట్టి పాయలూ ఒకదానిలోనుంచి ఒకటి దూరి పోయినవి. ఒకరి పెరటిలో ముప్పై అడుగులకే మంచి ఇసుక, పక్క పెరటిలో అదే లోతున బంకమట్టి. మన తాతలు దీనిని అదృష్టమనీ, గంగమ్మ దయ అనీ అన్నారు. అది పూడిపోయిన పాత పాయ ఎటు పోయినదన్న ప్రశ్న.

మా ప్రాంతంలో స్థూలంగా రెండు నీటిపొరలు. పైది బావులకు అందేది. వానపడితే వెంటనే పొంగుతుంది. దాని క్రింద చాలచోట్ల ఒక బంకమట్టి పొర. దానికి క్రింద మరొక ఇసుక పొర. బోర్లు త్రాగేది దానినే. నడిమి మట్టి గట్టి మూతవంటిది కాదు. కొన్నిచోట్ల పలచన, కొన్నిచోట్ల లేనే లేదు. క్రింది పొరను మోటార్లతో గుంజితే పై పొర నీరు మెల్లగా దిగిపోతుంది. బోరు వేసినవాడు 'నేను నీ బావి నీళ్ళు ముట్టలేదు, నాది రెండువందల అడుగుల నీరు' అని పొరుగువానితో వాదించడం మేము చాలసార్లు విన్నాము. ఆ వాదం ఈ నేలలో నిలువదు.

1966 నుంచి 1969 వరకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో ఈ రెండు ఏర్ల ప్రాంతంలో భూగర్భజల పరిశోధన జరిగినది. అప్పుడు మేము బడిపిల్లలము. జీపులలో మనుష్యులు వచ్చి, పొలాలలో ఇనుప మేకులు పాతి, వాటికి తీగలు తగిలించి, ఒక పెట్టె ముందు కూర్చుని ఏవో అంకెలు వ్రాసుకొనేవారు. నిధి వెతుకుతున్నారని ఊరంతా అనుకొన్నది. మేము బడి ఎగగొట్టి వాళ్ళ వెంట తిరిగి దెబ్బలు తిన్నాము. ఆ మేకుల సంగతి మాకు చాలా ఏండ్లకు గాని తెలియలేదు. రెండు మేకులగుండా నేలలోనికి విద్యుత్తు పంపి, మరి రెండు మేకుల దగ్గర అది ఎంత అందుతున్నదో కొలుస్తారు. మేకుల నడిమి దూరం పెంచినకొద్దీ విద్యుత్తు మరింత లోతునకు దిగి వస్తుంది. మంచినీరున్న ఇసుక దానిని ఎక్కువగా అడ్డుతుంది, బంకమట్టి తక్కువగా అడ్డుతుంది. ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. ఉప్పునీరున్న ఇసుక కూడా బంకమట్టివలెనే తక్కువగా అడ్డుతుంది. పెట్టెలోని అంకె ఒక్కటే చూచి ఇది మట్టియా, ఉప్పా అని తేల్చడానికి వీలులేదు. అందుకే అక్కడక్కడ బోరు దింపి, పైకి వచ్చిన మన్నును అడుగడుగుకూ చూచి వ్రాసుకొంటారు. ఒక బోరును గంటల తరబడి తోడి, చుట్టుపట్ల బావులలో నీరు ఎంత దిగినదో కొలుస్తారు. నీటిమట్టాన్ని సముద్రమట్టంతో పోల్చి పటం మీద గీతలు గీస్తారు. ఆ గీతలు చూస్తే భూమి క్రింది నీరు ఎటు నడుస్తున్నదో తెలుస్తుంది.

ఈ విధంగా తయారైన పటాన్ని ఆధారం చేసుకొనే మీంజూరు, పంజెట్టి, తామరైపాక్కం అను మూడు చోట్ల నగరానికీ పరిశ్రమలకూ నీరు తోడే బావుల క్షేత్రాలు ఏర్పడినవి. తరువాతి కాలంలో పూండి, కన్నిగైప్పేరు, ఏటి వరద మైదానం కూడా చేరినవి. ఇంత నీరున్నదని పటం చెప్పినది. ఇంతకు మించి తోడితే ఏమగునో కూడా శాస్త్రం చెప్పినది. మొదటిమాట అందరికీ వినబడినది, రెండవది ఎవరికీ వినబడలేదని మా అభిప్రాయం. వినబడనివారిలో నగరమే కాదు, రైతులమైన మేమూ ఉన్నాము. ఉచిత విద్యుత్తు వచ్చిన తరువాత మోటారు ఆపడం అన్నమాట మరచినాము.

సముద్రతీరాన మంచినీరు ఉప్పునీటి మీద తేలి ఉంటుంది. ఉప్పునీరు కొంచెం బరువు గదా. నూరేండ్లకు పూర్వమే హాలండు, జర్మనీ దేశాల ఇంజనీర్లు ఇద్దరు వేరువేరుగా ఒక లెక్క కట్టినారు. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిచి ఉంటే, మట్టానికి దిగువన నలుబది అడుగుల దాకా మంచినీరు ఉంటుంది. వినుటకు వరంవలె ఉన్నది గాని దానినే తిరుగవేసి చూడండి. పైన ఒక అడుగు తోడివేస్తే క్రింద నలుబది అడుగుల మేర ఉప్పు పైకి లేవడానికి దారి ఏర్పడుతుంది. నీటిమట్టం సముద్రమట్టానికే దిగువకు పోతే ఇక చెప్పవలసినదేమున్నది? ఏరు సముద్రంలోనికి నడవడం మాని, సముద్రమే ఏటి ఇసుకగుండా ఊరిలోనికి నడచి వస్తుంది. మీంజూరు ప్రాంతంలో 1969లో తీరం నుంచి సుమారు మూడు కిలోమీటర్ల దాకా ఉన్న ఉప్పునీరు 1983 నాటికి సుమారు తొమ్మిది కిలోమీటర్ల దాకా వచ్చినది. ఆ తరువాత మరికొంత లోపలికి సాగినది.

ఈ అంకెలు కాగితం మీద వచ్చుటకు ముందే మా ఇంట తెలిసినది. తెలుసుకొన్నది మా అవ్వ. ఒకనాడు కందిపప్పు ఉడకలేదు. కట్టెలు తడిసినవేమో అన్నారు. పప్పు పాతదేమో అని అంగడివానితో తగవు పెట్టుకొన్నారు. మూడవనాడు అవ్వ ఊరి చివరి చెరువు దగ్గర ఊటనీరు ఒక బిందె తెప్పించి, అదే పప్పు, అదే పొయ్యి మీద వేసినది. మెత్తగా ఉడికినది. అవ్వ గరిటె క్రింద పెట్టి, 'మన బావిలో సముద్రం పడినాదిరా' అన్నది. మేము నవ్వినాము. ఇంకొక ఏడాదికి నీరు నాలుకకే తెలిసినది. తరువాత వంగతోట మాడినది, వరి కంకి తాలు పోయినది, గిలక ఇనుము తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలినది. నాయన చాలాకాలం ఒప్పుకోలేదు. చివరకు అక్కడి భూమిని వచ్చిన వెలకు వదలి, పంజెట్టికి పడమరగా మూడెకరాలు కొన్నారు. ఉప్పుకు వెరచి పడమరకు జరిగిన కుటుంబాలు మావంటివి ఇంకా ఉన్నవి. ఈ సభలో తల ఊపుతున్నవారిని చూస్తే తెలుస్తున్నది.

పడమరకు పోయి మేము చేసినది ఏమిటంటే మరల అదే. బోరు వేసినాము, మూడు కార్లు వరి పెట్టినాము. ఇక్కడ ఒక చిన్న లెక్క వినండి. మా ప్రాంతంలో ఏటికి సుమారు 1,200 మిల్లీమీటర్ల వాన పడుతుందని అనుకొందాము. తూర్పుతీరపు ఒండ్రునేలలో అందులో నూటికి పదహారు వంతులు భూమిలోనికి ఇంకుతుందని ప్రభుత్వపు భూగర్భజలాల అంచనాలలో వాడే లెక్క. అంటే సుమారు 190 మిల్లీమీటర్లు. ఒక్క కారు వరికి కావలసిన నీరు దగ్గర దగ్గర 1,200 మిల్లీమీటర్లు. ఎకరం వరి పండించడానికి ఆరెకరాల మీద ఇంకిన వాన కావలె. పొలంలో పెట్టిన నీటిలో సగం దాకా మరల క్రిందికే ఇంకుతుందనుకొన్నా మూడెకరాల వాన. అదీ ఒక్క కారుకు. చెరువులనుంచి, ఏటినుంచి ఇంకేది కొంత తోడవుతుంది, నిజమే. అయినా మూడెకరాలలో మూడు కార్లు పెట్టినవాడు ఎవరి వాన త్రాగుతున్నాడు? పొరుగువానిది. పొరుగువాడూ అంతే చేస్తే? అప్పుడు ఎవరిదీ కాదు, తాతలనాడు నిలువ ఉన్నది. అదీ చెల్లిపోతే సముద్రానిది.

ఇక చెప్పడానికి సిగ్గుపడే సంగతి. 2000 తరువాతి కరవు సంవత్సరాలలో నగరానికి నీరు లేక ఈ ప్రాంతపు రైతుల బోర్లనుంచి నీరు కొని తీసికొనిపోయినారు. వరి పెట్టుటకంటె నీరు అమ్ముట లాభమని అప్పుడు తెలిసినది. తరువాత ప్రైవేటు లారీలు మరిగినవి. 2019 వేసవిలో నగరపు జలాశయాలు ఎండి, జోలార్‌పేట నుంచి రైలులో నీరు తెచ్చినది మీ అందరికీ జ్ఞాపకమే. ఆ వేసవిలో ఒక లారీ యజమాని మా గడపకు వచ్చినాడు. మేము అమ్మినాము. పగలూ రాత్రీ మోటారు నడిచినది. ఆ డబ్బుతో కళాశాల జీతం కట్టినాము, ఇంటికి సున్నం వేయించినాము. నగరవాసుల దాహం తీర్చుతున్నామని కూడా చెప్పుకొన్నాము.

మా పొలానికి ఆనుకొని వరుసకు అత్త అయ్యే ఒక పెద్దావిడ ఉన్నది. ఒంటరి మనిషి. బోరు లేదు; తాతలనాటి రాతిబావి, రెండు ఆవులు, కాస్త ఆకుకూరల మడి. ఆ వేసవి నడుమ ఒకనాటి తెల్లవారుజామున మా గట్టు మీదికి వచ్చి నిలబడినది. కోపం లేదు, కేక లేదు. 'ఏమి నాయనా, చేద అడుగు తగులుతా ఉంది గాని నీళ్ళు రావడం లేదే. మీ మోటారు ఒక పూట ఆపితే కాస్త ఊరుతుందేమో చూస్తారా?' అన్నది. ఆ పూట ఆపినాము. ఊరలేదు. ఒక పూటకు ఊరదు. ఈ ఇసుకలో నీరు చీమవలె నడుస్తుంది. ఆమె ఆవులను అమ్మివేసినది. మా అవ్వ బావిలో సముద్రం పడినప్పుడు ఎవరిని నిందించవలెనో మాకు తెలియలేదు. అత్త బావి ఎండినప్పుడు తెలిసినది.

చట్టం లేకపోలేదు. నగరానికీ చుట్టుపట్ల గ్రామాలకూ 1987లోనే భూగర్భజల నియంత్రణ చట్టం వచ్చినది. బావి త్రవ్వుటకు, నీరు తోడుటకు, లారీలో తరలించుటకు అనుమతి కావలె. 2003లో ఇంటింటా వాననీటి గుంట ఉండవలెనని శాసించినారు. ఆ తరువాత నగరంలో చాల బావులు తేరుకొన్నవి. 2005లో పడిన గొప్ప వానలకు ఎంత పాలు, గుంటలకు ఎంత పాలు అని విడదీయడం కష్టమే గాని, గుంట త్రవ్వినవాడు నష్టపోయినట్లు మేము వినలేదు. ఏర్లకు అడ్డంగా చిన్న కట్టలు కట్టి వరదనీటిని ఇసుకలో ఇంకించే పని కూడా జరిగినది. కాని అదే ఏటిలో ఇసుక తవ్వి ఎత్తుకుపోతుంటే నీరు నిలువ ఉండే పాత్రనే ఎత్తుకుపోయినట్లు గదా. 2010లో కాట్టుపల్లిలో సముద్రపు నీటిని మంచినీటిగా మార్చే కర్మాగారం వచ్చినది, రోజుకు పది కోట్ల లీటర్లు. సముద్రం మా బావిలోనికి వచ్చిన దారినే, మీంజూరు పక్కనే, సముద్రాన్ని కాచి వడపోసి నగరానికి పంపుతున్నారని మా నాయన చివరి రోజులలో నవ్వేవారు. అది కాచడం కాదు, సన్నని పొరలగుండా నెట్టడం అని మేము చెప్పినా వినేవారు కారు.

దూరపు నీటిని గూర్చి కూడా ఒకమాట. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలు తమ వాటాలలో తలా ఐదు టి.ఎం.సి. కృష్ణాజలం చెన్నపట్నానికి ఇవ్వడానికి అంగీకరించినవి. 1983లో తెలుగుగంగ ఒప్పందం కుదిరినది. 1996లో నీరు పూండి చేరినది. ఆనాడు మనవాళ్ళు కాలువ గట్టుకు పోయి పసుపు కుంకుమలు వేసి వచ్చినారు, మేమూ పోయినాము. ఆ సంతోషం తక్కువది కాదు. అయితే అంత దూరంనుంచి అంతమంది ఒప్పందంతో తెచ్చుకొన్న నీటికి కొలత ఉన్నది, తూము ఉన్నది, లెక్క వ్రాసే మనిషి ఉన్నాడు. మన పొలం క్రిందనే ఉన్న నీటికి ఏ లెక్కా లేదు.

ఆ లెక్క ఇప్పుడు కొంత దొరుకుతున్నది. కేంద్ర భూగర్భజల మండలి 2012లో దేశమంతటా నీటిపొరల పటాలు తీసే పని ఆరంభించి, 2023 నాటికి సుమారు ఇరువదియైదు లక్షల చదరపు కిలోమీటర్ల మేర పూర్తి చేసినది. తమిళనాట కడలూరు దగ్గర పొన్నైయారు దిగువ ప్రాంతాన్ని మొదటి ప్రయోగాలలో ఒకటిగా తీసికొన్నారు. చిన్ననాడు మేము చూచిన మేకుల పెట్టెకు బదులు హెలికాప్టరుకు పెద్ద చట్రం వ్రేలాడదీసి, పైనుంచే నేల లోపలి పొరలను పసికట్టే పద్ధతిని కూడా వాడి చూచినారు. జిల్లాలవారీ నివేదికలు అందరికీ అందుబాటులో ఉన్నవి. కాని పెద్ద పటంలో మన పల్లె ఒక చుక్క. ఆ చుక్క లోపల ఎవరి బావి ఎవరి బోరుకు చుట్టమో తెలియవలెనంటే ఊరివాళ్ళే కొలవవలె.

2020 నుంచి మేము కొలుస్తున్నాము. పద్ధతి చాలా తేలిక. తాడుకు మూరమూరకూ ముడి వేసి, కొనకు ఒక బరువు కట్టి, బావి ఒరకు పెట్టిన సున్నపు గుర్తునుంచి నీరు తగిలేదాకా దింపడం. ఏటికి రెండుమారులు: వానలు వెలిసిన తరువాత సంక్రాంతికి ఒకసారి, ఉగాదికి ముందు ఒకసారి. ఎనిమిది బావులు, వాటిలో అత్త బావి ఒకటి. ప్రతి బావినీరూ ఒక సీసాలో పట్టి, చిన్న విద్యుత్ పరికరంతో ఉప్పు ఎంత ఉన్నదో చూస్తాము; ఆ పరికరం వెల పెద్దది కాదు. మొదటి రెండేండ్లు ఊరివారు మా తాడును చూచి నవ్వినారు. మూడవ ఏట, పడమటి గట్టున ఉన్న రెండు పెద్ద బోర్లు నడిచినప్పుడు ఏ అయిదు బావులు దిగుతున్నవో పుస్తకం చూపగా నవ్వు ఆగినది. ఆ రెండు బోర్లలో ఒకటి మాదే.

ఇప్పుడు ఆ ఊరిలో ఒక కట్టుబాటు నడుస్తున్నది. మూడవ కారు వరి మాని పెసర, మినుము, నువ్వు వేయడం. లారీకి నీరు అమ్మకపోవడం. ఊరి చెరువు పొంగే కాలువను ప్రతి ఏడూ పూడిక తీయడం. ఈ కట్టుబాటు సంపూర్ణంగా నడుస్తున్నదని చెప్పము. అక్కడ కాపురం ఉన్న రైతులు చాలవరకు ఒప్పుకొన్నారు. ఒప్పుకోనివి ఎక్కువగా పట్టణంలో కాపురం ఉండి, పొలం కౌలుకు ఇచ్చి, బోరును లారీలవారికి ఒప్పంద పత్రం మీద వదలినవారి భూములు. వారిలో కొందరు ఈ సభలో మా ఎదుటనే కూర్చుని ఉన్నారు. మాకు బంధువులు, స్నేహితులు. పేర్లు చెప్పము. 2019లో మేమూ మీ వరుసలోనే ఉన్నాము గనుక మీకు వచ్చే డబ్బు ఎంతో, దానితో జరిగే పనులేమిటో మాకు తెలియును. ఆ ఒప్పందాలు చాలవరకు ఉగాది మొదలు ఉగాదికి వ్రాసుకొనేవి. ఈ వారంలో మరల సంతకం అడుగుటకు మనిషి వస్తాడు. ఆ సంతకం చేసేముందు ఒకసారి ఊరికి వచ్చి, మీ బోరుకు ఆనుకొని ఉన్న బావిలో తాడు మీ చేతితోనే దింపి చూడండని అడుగుటకే ఈ ప్రసంగం ఒప్పుకొన్నాము.

మొన్న ఫాల్గుణంలో కొలిచినప్పుడు అత్త బావిలో నీరు నిరుటికంటె రెండు మూరలు పైన ఉన్నది. ఈ సారి వానలు కూడా మంచివే కనుక అది మా కట్టుబాటు ఫలమని ఇప్పుడే అనలేము. తూర్పున ఉన్న చివరి బావిలో ఉప్పు మాత్రం తగ్గలేదు. ఒకసారి వచ్చిన ఉప్పు పోవాలంటే ఎన్ని ఏండ్ల వాన కావలెనో ఆ పుస్తకంలో మా తరువాతివాళ్ళు వ్రాయవలసి ఉంటుంది. పుస్తకం తెచ్చినాము. పచ్చడి పంచే బల్ల పక్కన పెట్టించినాము. భోజనాలకు ముందు చూడదలచినవారు చూడవచ్చును. వచ్చే ఆదివారం ఉదయం పొన్నేరి రైలు స్టేషను దగ్గరనుంచి ఊరికి బండి ఉంటుంది.